అతుకులమ్మ ఒంటిమీది గచ్చుగీత

తెల్లరాళ్లపెంట కొండమీద వెలసిన అతుకులమ్మ తల్లికి బంగారు కిరీటం లేదు, ఎత్తయిన గోపురమూ లేదు. ఇంత ఎండలో ఎక్కి వచ్చింది ఇందుకా అని కొత్త భక్తులు మొదట కాస్త చిన్నబుచ్చుకోవడం మామూలే. అమ్మవారి ఎడమ భుజం నుంచి నడుము వరకు నల్లరాతిలో ఒక తెల్లని గీత కనిపిస్తుంది. జంధ్యమనుకుని దండం పెట్టేవారూ ఉన్నారు. అది సున్నపు గచ్చు. తల్లికి ఈ పేరు దానివల్లనే వచ్చింది.

పూర్వం ఇక్కడ ఒక వేసవిలో పిడుగు పడి అమ్మవారి శిల చీలింది. విరిగిన మూర్తికి పూజ తగదని, శుక్రవారంలోగా అతకకపోతే బండిమీద తీసుకుపోయి ఏట్లో వదలాలని పెద్దలు నిర్ణయించారు. అతికే పని కంబగిరి అనే గచ్చుపనివాని మీద పడింది. అతని తల్లి లింగవ్వ ఈ అమ్మవారికి మొక్కుకునే అతన్ని కన్నది. అందుచేత ఆ శిలను ఏటిపాలు చేయడమన్న మాటే అతనికి మింగుడుపడలేదు.

చీలిక వేలు దూరనంత సన్నం, మూరెడు లోతు. సున్నమూ ఇసుకా నూరి గట్టిగా పెడితే గచ్చు పైపైనే నిలిచి, లోపల డొల్లగా మిగిలింది. నీళ్లు ఎక్కువ పోసి పలుచన చేస్తే జారింది గాని, నీరు అడుగుకు కారిపోయి ఇసుక పైనే మిగిలిపోయింది. ఆరాక అదీ పగిలి రాలిపోయింది.

గురువారానికి సున్నపు దుమ్ముతో కంబగిరి గొంతు పట్టేసింది. లింగవ్వ కరక్కాయలు దంచి కాచి, బెల్లం కలిపి, ముందుగా అమ్మవారికి నివేదించి, ఆ గిన్నెను కొడుకు నోటి దగ్గర పెట్టింది. విసిగి ఉన్న కంబగిరి "పోమ్మా, నడమ నీదొకటి!" అని చేయి విదిలించాడు. గిన్నె ఎగిరి గచ్చుతొట్టిలో బోర్లాపడింది. ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాడైన గచ్చును పారబోద్దామంటే అందులో అమ్మవారి నివేదన కలిసింది. నలుగురూ తొక్కే చోట దాన్ని పోయడం అపచారం. ఇక చేసేది లేక కంబగిరి ఆ తొట్టినే మళ్లీ నూరాడు. మరో చుక్క నీరు పోయకుండానే గచ్చు నెయ్యిలా సాగింది. నీరూ ఇసుకా విడిపోకుండా చీలిక అడుగు దాకా దిగింది.

అయితే శుక్రవారం తెల్లవారినా అది బిగియలేదు. బెల్లం పడిన గచ్చు నిదానంగా ఆరుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. పెద్దలు బండి కట్టించారు. కంబగిరి తల వంచుకున్నాడు. అప్పుడు లింగవ్వ వెళ్లి శిలకు అడ్డంగా నిలబడింది.

"ఇంగా పచ్చిగా ఉండాది నాయనా. పురిటిబిడ్డను ఎవురన్నా ఎత్తుకపోతారా? ఆరనీండి."

"ఎన్నాళ్లవ్వా?" అన్నాడు ఊరిపెద్ద.

"నా కొడుకు చేసిన పని. ఆరేదాకా."

నిన్న కసిరిన కొడుకునే వెనకేసుకొచ్చిన ఆ తల్లిని చూసి పెద్దలు గడువు సడలించారు. కంబగిరి ఆమె కాళ్లమీద పడి ఏడ్చాడు. బండి ఖాళీగా వెనుదిరిగింది. మరికొన్నాళ్లకు గచ్చు రాయితో సమంగా గట్టిపడింది.

నేటికీ ఏటా వేసవిలో ఆ గీతకు కొత్త గచ్చు పూస్తారు. భక్తులు కరక్కాయ కషాయంలో బెల్లం కలిపి తెచ్చి తొట్టిలో పోస్తారు. అయితే గిన్నెను తమ చేత్తో వంచరాదు. తాము నొప్పించిన మనిషిని వెంట తెచ్చుకుని, ఆ మనిషి చేతితో పోయించాలి. అలా పోయించిన ఇళ్లలో తెగిన మాటలు మళ్లీ కలుస్తాయని పెద్దల నమ్మకం. ఆ మనిషి ఇక లేనివారు గిన్నెను అమ్మవారి చేతికి ఆనించి వంచుతారు. వారిని తొందరపెట్టవద్దని అర్చకులకు కట్టడి ఉంది.