ఏ చుక్కా ఒప్పుకోని నీలం

ఒకప్పుడు సముద్రానికి రంగే లేదు. గాజులా ఉండేది. ఒడ్డున నిలబడి చూస్తే అడుగున పాకే నత్తలు, ఇసుక మీద అవి గీసిన గీతలు కూడా కనిపించేవి.

సముద్రుడికి చిక్కంతా అక్కడే వచ్చింది. ఎందుకంటే ఆయనగారికి చేతివాటం ఎక్కువ. ఒడ్డున తెడ్డు కనిపిస్తే తెడ్డు, బుట్ట కనిపిస్తే బుట్ట, లాగి మింగేసేవాడు. కడుపు చూస్తేనేమో గాజు! ఎవరో ఒకరు వచ్చి, "అదిగో నా బుట్ట, కక్కు" అనేవారు. పెద్దమనిషి తల వంచుకుని కక్కేవాడు. అంత ఒళ్లు, అంత గర్జన, బుద్ధి మాత్రం బుట్టల దొంగది.

ఒకరోజు అసిరమ్మ పడవ మీద ఆయన కన్ను పడింది. అసిరమ్మ చేపలు పట్టి బతికే మనిషి. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పడవ కదలాలి. దానికి కొత్తగా తారు పూసి, ముందు కొనకి పసుపూ కుంకుమా పెట్టి, అన్నం తినడానికి ఇంటికి వెళ్లింది. అంతే, గుటుక్కున మింగేశాడు.

"మింగావు సరే, దాచేదెట్లా?" అంది అడుగునున్న పీత. "నీ కడుపు నిండా కిటికీలేగా!"

"నువ్వే ఏదో ఒకటి చెప్పవే" అన్నాడు సముద్రుడు. చూశారా, సలహా అడగడానికి దొరికింది కూడా అడ్డంగా నడిచేదే!

"అటు చూడు. రత్తమ్మ బట్టలకి నీలం అద్దుతుంది. బాన నిండా నీలిమందు కలిపి పెట్టుకుంది. తాగెయ్. నీ లోపల ఏముందో దేవుడికి కూడా కనపడదు."

దేవుడికి కనపడదట! పీత తెలివి అంతవరకే.

ఒక అల లేచి వెళ్లి బానంతా జుర్రుకుని వచ్చింది. తీరా చూస్తే అది ఆకు పసరులా పచ్చగా ఉంది. "ఇదేనా నీలం!" అని మూతి ముడిచాడు సముద్రుడు.

"గాలి తగలనీ" అంది పీత.

గాలి తగిలింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ముదురు నీలం పాకింది.

అసిరమ్మ వచ్చేసరికి పడవ లేదు. రత్తమ్మ ఖాళీ బాన పట్టుకుని లబోదిబోమంటోంది.

"ఓరి సముద్రుడా, నా పడవేదిరా?"

"ఏ పడవ? నేనెరగను."

"ఆ ఒంటి మీద నీలమేమిట్రా?"

"నీలమా? నాకా? ఎండకి నీ కళ్లు చెదిరినట్టున్నాయమ్మా."

అసిరమ్మ ఇసుక మీద కూలబడి రెండు చేతులూ జోడించింది. "గంగమ్మ తల్లీ, పడవ లేకపోతే మా ఇంటిల్లిపాదీ ఏం తినాలి?"

పిలిస్తే పలికే తల్లి ఆమె. గంగమ్మ వచ్చి ఇసుక మీదే కూర్చుంది. "ఏరా, ప్రమాణం చేస్తావా?"

"ఓ! నా ఏ చుక్కనైనా పట్టి అడుగు తల్లీ. మచ్చుకి నీలం కనిపిస్తే నేను దొంగని."

అసిరమ్మ దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. చిత్రం! తేటగా ఉన్నాయి.

"నేనా? నన్ను చూడు, ఎంత తేటగా ఉన్నానో!" అంది ఒక చుక్క.

"నేను ఆ బాన వైపే వెళ్లలేదమ్మా" అంది ఇంకోటి.

"నా వెనకున్నదాన్ని అడగండి. దాని నడక మొదటినుంచీ అంతే" అంది మరోటి.

గంగమ్మ నవ్వింది. "విడిగా వస్తే అందరూ శుద్ధపూసలే. అసిరీ, వాటిని వదిలెయ్."

అసిరమ్మ వేళ్లు విడదీసింది. చుక్కలు జారి తమ గుంపులో కలిశాయి. కలిసీ కలవగానే నీలం! గట్టు మీది కొంగలు కూడా ముక్కులు మూసుకుని నవ్వాయి.

"పడవ బయటపెట్టు. పెట్టకపోతే ఈ ఊరి ఆడవాళ్లు నిన్ను దోసిళ్లతో తోడి పారేస్తారు" అంది గంగమ్మ.

అంత సముద్రుడూ దోసిళ్ల పేరు చెప్పగానే జడుసుకున్నాడు. పడవ ఒడ్డున వచ్చి పడింది. అసిరమ్మ పరుగెత్తి దాన్ని కావిలించుకుంది. తారు చెదరలేదు, బొట్టు మాత్రం చెరిగిపోయింది. కొంగుతో ఆ చోటు తుడిచింది.

సముద్రుడు నసిగాడు. "పడవ ఇచ్చేశాను కదా తల్లీ. ఈ రంగు కడిగెయ్యవూ?"

"అయ్యో, కడుగుతాను నాయనా. నీలిమందు తాగిన చుక్కని ముందుకి రమ్మను."

ఒక్కటీ రాలేదు. "నువ్వెళ్లు", "నేనెందుకు, నువ్వెళ్లు" అని ఒకదాన్నొకటి తోసుకున్నాయి. తోపులాటలో కొన్ని ఒడ్డుదాకా వచ్చాయి. గంగమ్మ ముఖం చూశాయి, తోక ముడిచి వెనక్కి పోయాయి. సిగ్గుపడ్డవి కొన్ని మబ్బులెక్కి పారిపోయి, దూరాన పెద్ద పెద్ద సరస్సుల్లో దాక్కున్నాయి. అక్కడా గుంపు కట్టగానే నీలం బయటపడింది.

గంగమ్మ కాసేపు చూసి, "నాకు వేరే పనుంది" అని లేచి వెళ్లిపోయింది.

అప్పటినుంచే ఎక్కడ నీళ్లు విస్తారంగా చేరినా నీలంగా కనిపిస్తాయి. దోసిట్లోకి తీసుకుని అడిగితే మాత్రం, ఈనాటికీ, ఏ చుక్కా ఒప్పుకోదు.