నెమరు వేళ బేరం

మల్కమ్మ అనే మేకకు నాలుగేళ్లు. పడుకునే ముందు ముంగాలితో నేల గీకి చదును చేసుకోవడం ఆమె అలవాటు.

ఆ ఎండాకాలం గుట్ట మీద చెలమ ఎండిపోయింది. తల్లుల పొదుగులు వట్టిపోయి, పిల్లలు లేవలేక పడి ఉన్నాయి. నీళ్లున్నది వాగు అవతల గేదెల మడుగులోనే. పోతుమేకలు సమావేశమై, గేదెలతో మాట్లాడే పని నక్క జిత్తయ్యకు అప్పగించాయి. నాలుగు అడవుల భాషలు వచ్చినవాడు మరి! కానుకగా ఇచ్చే అవిశాకు మోపు మోయడానికి మల్కమ్మను వెంట పంపాయి. మోతకు భాష అక్కర్లేదని వాటి నమ్మకం.

మడుగు ఒడ్డున పెద్దగేదె బోడెమ్మ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. జిత్తయ్య వంగి దండం పెట్టాడు.

"అమ్మగారూ, మా పిల్లలకు నీళ్లు కావాలి. బదులుగా మా గుట్ట మీది తుమ్మకాయలు రాల్చి పెడతాం."

బోడెమ్మ పలకలేదు. దవడ మాత్రం ఆడుతోంది.

"ముందు మేత లేదు, నోరు ఆడుతోంది, మాట రాదు. గట్టి పిండమే! బేరం పెంచమంటోంది," అని మల్కమ్మ చెవిలో గొణిగి, గొంతు పెంచాడు. "పోనీ, గుట్ట మీది పచ్చికంతా మీదే!"

దవడ ఆడుతూనే ఉంది.

"మా మేకల పాలు రోజూ మీ దూడలకే!"

"ఎవరి పాలు, జిత్తన్నా?" అంది మల్కమ్మ.

"నువ్వూరుకో. పెద్ద వ్యవహారాలు నీకేం తెలుసు? అమ్మగారూ, ఇదే ఆఖరి మాట. రెండు మేకపిల్లలు!"

"గేదెలు మేకపిల్లల్ని ఏం చేసుకుంటాయి?"

"వాళ్లు వద్దంటే నేను చూసుకుంటాలే," అన్నాడు జిత్తయ్య, మూతి నాక్కుంటూ.

మల్కమ్మ మోపు దించింది. నేల గీకి, బోడెమ్మకు ఎదురుగా పడుకుని, తానూ నెమరు మొదలుపెట్టింది. పొద్దు వాలింది. బోడెమ్మ చివరి ముద్ద మింగి కళ్లు తెరిచింది.

"ఎప్పుడొచ్చావు చెల్లీ? ఏం కావాలి?"

"నీళ్లక్కా. నీకందని కొమ్మలెక్కి తుమ్మకాయలు రాలుస్తాం."

"దానికేం, తాగండి."

జిత్తయ్య నోరు వెళ్లబెట్టాడు. "మరి నేనిస్తానన్నవి?"

"నువ్వెప్పుడు మాట్లాడావయ్యా? నెమరు వేళ చెవినబడింది మాకు మాట కింద లెక్క కాదు. ఈగ ముసిరిందనుకున్నా."

జిత్తయ్య మల్కమ్మ వైపు తిరిగాడు. "నీకెలా తెలిసిందే?"

"నేనూ నమిలేదాన్నే కదన్నా. నువ్వు మింగడమొక్కటే నేర్చావు."

పిల్లలు కడుపునిండా తాగి లేచి గెంతాయి. జిత్తయ్య ఖాళీ కడుపుతో ఇల్లు చేరాడు. అయినా పోతుమేకలు మాత్రం "జిత్తయ్య చర్చలు ఫలించాయి" అని సభ పెట్టి మెచ్చుకున్నాయి.

ఎదుటివాళ్ల మౌనం చదవడం రానివాడు, దాన్ని పరాయి సొత్తుతో నింపుతాడు.

మల్కమ్మ తర్వాతి ఈతలో పిల్లల్ని కనడానికి మడుగు ఒడ్డుకే వెళ్లింది. గేదెల దగ్గరే ఉండిపోయింది; జిత్తయ్యను మెచ్చుకున్న మందలోకి మళ్లీ రాలేదు.