భద్రమ్మ ఆరవేసిన నూలు

అనగనగా అనగానే మీకు రాజుగారి మేడలు గుర్తొస్తాయేమో. ఈ కథలో రాజూ లేడు, మేడా లేదు. ఉన్నదల్లా ఒక నేతగాడు, అతని భార్య, వాళ్ళు చూసిన మూడు ఇళ్ళు.

ఏటి ఒడ్డున చింతలరేవు అనే ఊరు. ఆ ఊళ్ళో మార్కండేయులు మగ్గం నేసుకుని బతికేవాడు. అతను నేసిన చీర ఒకసారి కట్టుకున్నవాళ్ళు మళ్ళీ అతని గడపే తొక్కేవారు. భార్య భద్రమ్మ నూలు తోడేది, గంజి పెట్టేది, ఆరవేసేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయనకు ఆమె, ఆమెకు ఆయన.

వాళ్ళుండే ఇల్లే వాళ్ళకు శత్రువైంది. ఏటి చెమ్మ ముందు గోడల్లోకి పాకింది, ఆ తరవాత మార్కండేయులు రొమ్ములోకి పాకింది. చినుకు పడితే చాలు, అతని గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. కిందటి వానాకాలంలో నెలరోజులు మంచం దిగలేదు. వైద్యుడు వీరాచారి నాడి చూసి, భద్రమ్మను పక్కకు పిలిచాడు.

"అమ్మా, మందు నేనివ్వగలను, మంచి గాలి నేనివ్వలేను. ఇంకో వానాకాలం ఈ ఇంట్లోనే ఉంటే ఈయన నీకు దక్కడు."

భద్రమ్మ ఆ మాట భర్తకు చెప్పలేదు. ఇల్లు మారదామని మాత్రం చెప్పింది. ఇద్దరూ కూడబెట్టిందంతా మూట కట్టుకుని, మండువేసవిలో పక్కనున్న పేటకు వెళ్ళి సత్రంలో దిగారు. అక్కడ చెంగల్రావు అనే వ్యాపారి ఇళ్ళు అమ్మిపెడుతూ ఉండేవాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఏ ఇంటిని ఏ పూట చూపిస్తే అందంగా కనబడుతుందో ఆయనకు బాగా తెలుసు.

మొదటి ఇల్లు చూడగానే మార్కండేయులు మనసు పారేసుకున్నాడు. విశాలమైన గది, ఉత్తరపు కిటికీ, మగ్గం గుంట తవ్వడానికి గట్టి నేల. కాలితో కొలిచి చూసుకున్నాడు.

"భద్రా, మగ్గం సరిగ్గా పడుతుంది. వెలుతురు పోగు మీదే పడుతుంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

నేతగాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. మగ్గం పట్టిందంటే లోకమంతా పట్టినట్టే వాళ్ళకు.

భద్రమ్మ సంచీలోంచి చిలపగా చుట్టిన తెల్లటి నూలు పోగుల కట్ట ఒకటి తీసి, పెరట్లో దండెం మీద ఆరవేసింది.

"మూడు రోజులు దీన్ని ఇక్కడే ఉండనివ్వండి చెంగల్రావుగారూ. ఆ తరవాత మాట్లాడుకుందాం."

"నూలుతో ఇల్లు కొలుస్తారామ్మా?" అని నవ్వాడు వ్యాపారి.

"పెళ్ళికొడుక్కి జాతకం చూసినట్టు ఇంటికి చూస్తోంది మా ఆవిడ," అని మార్కండేయులు కూడా నవ్వేశాడు.

నాలుగో రోజు వెళ్ళి చూస్తే చిలప బూడిదరంగులో ఉంది. భద్రమ్మ రెండు వేళ్ళతో నలిపితే వేళ్ళకు మసి అంటింది. చుట్టూ చూసింది. తూర్పున, పొలాలకు అవతల, ఇటుకల బట్టీ పొగలు కక్కుతోంది. వాళ్ళు మొదట వచ్చిన రోజు పడమటి గాలి. ఆ రోజు పొగ ఇటు రాలేదు.

"వానాకాలంలో బట్టీ కాల్చరు కదమ్మా," అన్నాడు చెంగల్రావు.

"వానాకాలం నాలుగు నెలలేనండీ. ఊపిరి పన్నెండు నెలలూ పీల్చుకోవాలి," అంది భద్రమ్మ.

రెండో ఇల్లు కాలవ పక్కన ఉంది. అడుగు పెట్టగానే ఒళ్ళంతా చల్లబడింది. కొత్తగా సున్నం వేసిన గోడలు తళతళలాడుతున్నాయి. మార్కండేయులు అరుగు మీద కూర్చుని హాయిగా కళ్ళు మూసుకున్నాడు. భద్రమ్మ మళ్ళీ చిలప ఆరవేసింది. మార్కండేయులు ఈసారి నవ్వలేదు, విసుక్కున్నాడు.

మూడు రోజులకు చిలప తెల్లగానే ఉంది గాని, చేతిలోకి తీసుకుంటే బరువుగా, మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన. మండుటెండల్లో ఆరవేసిన నూలు ఆరలేదంటే నేలలోనే నీరుందన్నమాట. భద్రమ్మ వీధిలోకి వచ్చి నిలబడి, ఒక్కో ఇల్లూ చూసింది. అందరి అరుగులూ నడుమెత్తున ఉన్నాయి. తెరిచిన తలుపుల్లోంచి చూస్తే అందరి మంచాల కోళ్ళ కిందా ఇటుకలున్నాయి, బియ్యం బస్తాలు అటకల మీదున్నాయి. ఎదురింట్లో అట్లు పోస్తున్న ముసలమ్మను అడిగింది.

"ఈ వీధిలో బియ్యం బస్తాలు అటక మీద పెట్టుకుంటారేం పెద్దమ్మా?"

"కాలవ పొంగితే ఎక్కడ పెట్టుకుంటామే తల్లీ?" అంది ముసలమ్మ, అట్టు తిరగేస్తూ. "మేమంటే అలవాటు పడ్డాం. ఆ ఇంట్లో వాళ్ళు రెండేళ్ళు ఓర్చుకుని వెళ్ళిపోయారు. కొత్త సున్నం అందుకే."

భద్రమ్మ వద్దనేసరికి మార్కండేయులుకు కోపం వచ్చింది. ఆ కోపంతో దగ్గు వచ్చింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

"మబ్బులు పట్టేస్తున్నాయి భద్రా. ఒకటి పొగంటావు, ఒకటి చెమ్మంటావు. నీ చిలపకు నచ్చిన ఇల్లు దొరికేదాకా నేనుంటానో లేదో," అన్నాడు ఆయాసపడుతూ.

నవ్వుతూనే అన్నాడు గాని, ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. వీరాచారి చెప్పింది ఆయనకు తెలియదు. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు. నా చాదస్తంతో ఈయన్ని చేజేతులా పోగొట్టుకుంటానేమో అని కుమిలిపోయింది. అలాగని పొగలోకో, చెమ్మలోకో తీసుకుపోవడానికి మనసు ఒప్పలేదు.

మూడో ఇంటిని చూపించడానికి చెంగల్రావే సిగ్గుపడ్డాడు. మిట్ట మీద చిన్న పెంకుటిల్లు. సగం పెంకులు పగిలిపోయాయి. తలుపు ఒరిగిపోయి, తోసినప్పుడల్లా కీచుమనేది. మార్కండేయులు లోపలికి కూడా రాలేదు. భద్రమ్మ మాత్రం చివరి చిలప తీసి, పెరట్లో కట్టి ఉన్న తాడు మీద ఆరవేసి వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. పెద్ద పెద్ద చినుకులు. భద్రమ్మ కొంగు తల మీద కప్పుకుని పరుగెత్తింది. ఆమె వెళ్ళేసరికి వాన వెలిసింది. వీధిలో చుక్క నీరు నిలవలేదు, అంతా పల్లానికి జారిపోయింది. గాలి కడిగినట్టుంది. కానీ పెరట్లో తాడు ఖాళీగా ఉంది.

భద్రమ్మ అరుగు మీద కూలబడింది. గాలి బాగుంది, నేల బాగుంది. తీరా చూస్తే ఇది దొంగల వీధి. ఇక వెతకడానికి ఇళ్ళూ లేవు, రోజులూ లేవు. ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అక్కా, ఆ నూలు మీదేనా?"

పక్కింటి గోడ మీదుగా ఒకామె తొంగి చూస్తోంది. చేతిలో చిలప. తడవలేదు, నలగలేదు, పొందిగ్గా మడత పెట్టి ఉంది. మసి లేదు, బూజు లేదు, మల్లెపువ్వులా ఉంది.

"నా పేరు ముత్యాలు. చినుకు పడగానే గోడ దూకి తీశాను. ఎవరిదో తెలియదు. ఎవరిదైతేనేం, తోడి గంజి పెట్టిన చెయ్యి ఎంత నొప్పి పుట్టి ఉంటుందో కదా. అయ్యో, ఏడుస్తున్నారేం? కాసిని మజ్జిగ తాగుతారా?"

భద్రమ్మ మజ్జిగ తాగింది. గ్లాసు ఇచ్చేసి, తిన్నగా భర్త దగ్గరికి వెళ్ళింది.

"మనకు ఆ ఇల్లే కావాలి."

"పెంకులు చూశావా భద్రా?"

"చూశాను. పెంకులు మార్చుకుంటాం, తలుపు బిగించుకుంటాం. బట్టీని మార్చగలమా? కాలవను మార్చగలమా? పక్కింటావిణ్ణి మార్చగలమా?"

మార్కండేయులు ఆమె మొహంలోకి చూసి, డబ్బు మూట ఆమె చేతిలో పెట్టాడు. ఇల్లు కొన్నారు. ముత్యాలు భర్త నిచ్చెన తెచ్చాడు, ఎదురింటివాళ్ళు పెంకులు అందించారు. తొలకరికి ముందే కప్పు బాగైంది. మార్కండేయులు మగ్గం గుంట తవ్వుకుంటే అడుగు మట్టి పొడిపొడిగా వచ్చింది.

వానాకాలం సగం గడిచింది. అతనికి పిల్లికూతలు లేవు. ఒకనాడు అతను నేసిన చీరలు తీసుకుని భద్రమ్మ పొరుగూరికి వెళ్ళింది. వాన నన్నేం చేస్తుందిలే అని మార్కండేయులు తడుస్తూ అంగడికి పోయి వచ్చి, తడిబట్టలతోనే మగ్గంలో కూర్చున్నాడు. కాసేపటికి ఊపిరి బిగిసింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు.

పక్కింట్లో పప్పు రుబ్బుతున్న ముత్యాలు చెయ్యి ఆపింది. రోజంతా వినబడే మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఇది అన్నాల వేళ కాదు. భద్రక్క ఊళ్ళో లేదు. ఆమె రోలు వదిలేసి పరుగెత్తింది.

పొద్దు వాలకముందే భద్రమ్మ తిరిగి వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు గుంపుగా కనబడగానే ఆమె పరుగెత్తింది. ద్వారబంధం పట్టుకుని లోపలికి చూసింది. మార్కండేయులు పొడిబట్టల్లో, దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ముత్యాలు భర్త అతని వీపు నిమురుతున్నాడు. ఎదురింటావిడ వేణ్ణీళ్ళ కుండ మీద మూత తీస్తోంది. ఒక మూల వీరాచారి మందు నూరుతున్నాడు, ఎవరో బండి కట్టి తీసుకొచ్చారు.

"ఇంకాస్త ఆలస్యమైతే నేను వచ్చీ లాభం లేకపోయేదమ్మా," అన్నాడు వీరాచారి. "గండం గడిచింది."

భద్రమ్మ వచ్చి భర్త పక్కన కూర్చుంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"నేను మగ్గం పట్టే ఇల్లు వెతికాను భద్రా," అన్నాడు మెల్లగా. "నువ్వేమో నేను బతికే ఇల్లు వెతికావు."

కాబట్టి పిల్లలూ, ఇల్లు కొనబోయేవారు గోడలను ఒకసారి చూసుకుంటే చాలు. గాలిని, నేలను, ఇరుగుపొరుగును మాత్రం మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి.