కోళ్ళగూటి పాస్‌వర్డ్

కాలవకి ఇవతల కొబ్బరితోట, తోటలో మకాం, మకాంలో వైఫై. మొదటి రెండూ ఉంటే చాలు, జంతువులు హాయిగా బతికేస్తాయి. మూడోది కూడా ఉంది కాబట్టే ఈ కథ.

వైఫై తెప్పించింది డేగపుంజు పేర్రాజు. "ఎదటి తోటలో బాతులకే ఉందంట! మనకి లేకపోతే పరువేం కావాలి?" అని పట్టుబట్టాడు. పెట్టె వచ్చింది. దాంతోపాటు కోళ్ళగూటికీ, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పొట్టేలు దొడ్డికీ, ఫోన్లో నొక్కితే తెరుచుకునే తలుపులు కూడా వచ్చాయి. పేర్రాజు ముక్కుతో నొక్కి తెరవడం, నొక్కి మూయడం, మళ్ళీ నొక్కి తెరవడం. ఆ సంబరంలో పడి పొద్దుగూకేదాకా గింజ ముట్టలేదు.

అతని భార్య, చుక్కలపెట్ట సీతాలుకి మాత్రం ఈ సంబరం పట్టలేదు. ఆవిడ గూట్లో గడ్డి మీద గుడ్లు పొదుగుతోంది. రేపో మాపో పిల్లలు. కిందటేడు పొదిగిన పిల్లల్ని ఒక్కటీ మిగల్చకుండా మింగిన గుంటనక్క గుర్నాథం కాపురం కాలవ అవతల రెల్లుపొదల్లోనే. ఈసారి ఒక్క పిల్ల కూడా వాడి నోట పడకూడదని సీతాలు ఒట్టు పెట్టుకుంది.

"ఏమండీ, ఈ తలుపుకి తాళంచెవి ఏదండీ?"

"తాళంచెవేంటే, పాతకాలపు దానా! దీనికి పాస్‌వర్డుంటది. పెట్టె అడుగున రాసే వచ్చింది, చూడు."

"అదే ఉంచేశారా? మార్చలేదా?"

"కొట్టువాడు అంత ముద్దుగా రాసిస్తే మారుస్తామా? ఏమనుకుంటాడు?"

"మరి ఆ ఫోను పొద్దస్తమానం అప్‌డేటు, అప్‌డేటు అని అరుస్తందేంటండీ?"

"దానికేం పని? రోజూ అరుస్తది. నేను 'తర్వాత' అని నొక్కేస్తన్నాను."

రోజూ అరిచేవాళ్ళంటే పేర్రాజుకి అంత చులకన ఎందుకో పేర్రాజుకే తెలియాలి.

ఒక మధ్యాహ్నం మకామంతా కునుకు తీస్తుండగా కోళ్ళగూటి తలుపు దానంతటదే తెరుచుకుంది. సీతాలు కళ్ళు విప్పేసరికి ఎదురుగా ఓ ముక్కు, ఆ ముక్కు కింద పళ్ళు, ఆ పళ్ళ వెనకాల గుర్నాథం. ఆవిడ పెట్టిన కేకకి గేదె వరాలు ఉలిక్కిపడి ఇత్తడి బిందెని తన్నింది. బిందె దొర్లిన చప్పుడుకి గుర్నాథం కాలవకి అడ్డంపడి పారిపోయాడు. పోతూ పోతూ సీతాలు తోకలోంచి గుప్పెడు ఈకలు పట్టుకుపోయాడు.

అందరూ పోగయ్యారు. పేర్రాజు తలుపు చుట్టూ రెండుసార్లు తిరిగి తేల్చి చెప్పాడు.

"ఏం లేదు. గాలికి తెరుచుకుంది."

"గాలికి మీసాలుంటాయా?" అంది సీతాలు, ఈకలు ఊడిన చోటు చూసుకుంటూ.

వరాలు నెమరు ఆపింది. "నాకు తెలీక అడుగుతాను వదినా. మన పెట్టె అడుగున రాసుంది అడ్మిన్, ఒకటి, రెండు, మూడే కదా? నిన్న మేతకెళ్ళినప్పుడు చూశాను, బాతుల పెట్టె అడుగునా అదే ఉంది. పిట్టగోడవతల పావురాల పెట్టెకీ అదే."

"అంటే ఏంటి, అన్ని ఇళ్ళకీ ఒకటే తాళంచెవా?"

"ఆయ్. గుర్నాథానికి కాలవగట్టు మీద ఓ ఫోను దొరికిందంట. షికారుకొచ్చిన వాళ్ళెవరో పారేసుకున్నది. అప్పట్నుంచీ కంచెకి ఇవతల కూర్చుని ఆ పాస్‌వర్డు కొట్టి తలుపులు తీసి చూడ్డమే పనంట."

దొంగ చేతికి తాళాలిచ్చి, వాడికి ఎండ తగలకుండా చెట్టు నీడ కూడా ఇచ్చినట్టయింది. ఇక మొగుణ్ణి నమ్ముకుంటే లాభం లేదని సీతాలు ఫోను తనే అందుకుంది. ముందు ఆ అప్‌డేటేదో కానిచ్చింది. ఫోను అరుపు ఆగింది. తర్వాత ఎవరి ఊహకీ అందని పాస్‌వర్డు ఆలోచించి, తప్పుల్లేకుండా ముక్కుతో పొడిచింది. అప్పటికి గాని గుడ్ల మీద స్థిమితంగా కూర్చోలేకపోయింది.

"ఏం పెట్టావే?" అన్నాడు పేర్రాజు.

"ఎందుకండీ మీకు?"

"మొగుణ్ణే! నాకే చెప్పవా?"

మొగుడు కదా అని చెప్పింది. అక్కడే పొరపాటయింది.

ఆ మకాంలో ఓ ఆచారం ఉంది. తెల్లారగట్ల కూత అయ్యాక పుంజు మకాం కబుర్లు కూడా కూయాలి. ఎవరు ఈనారు, ఏ దడికి కన్నం పడింది, ఏ తొట్టిలో కుడితి పులిసింది, అన్నీ. పేర్రాజు తాతా తండ్రీ అలాగే కూశారు. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకునే వంశం అది. మర్నాడు పేర్రాజు గడ్డివామెక్కి, రెక్కలు దులిపి, మెడ నిక్కించాడు.

"కొక్కొరొకో! మకాం వారికి తెలియజేయడమేమనగా! మా ఆవిడ మహా తెలివిగా పాస్‌వర్డు మార్చింది! గుమ్మడికాయ! గోచీ! గోంగూర! గొడుగు! ఇది ఎవరికీ చెప్పకూడదని మనవి! కొక్కొరొకో!"

ఎండెక్కేసరికి బాతులు ఆ నాలుగు మాటలూ పాటకట్టి పాడుకుంటూ కాలవలో బారులు తీరాయి. వరాలు ఆ పాటకి తగ్గట్టే నెమరేస్తోంది. అవతలి గట్టున కప్పలు కూడా అందుకున్నాయి.

"ఎంత పని చేశారండీ!"

"అదేంటే? ఎవరికీ చెప్పకూడదని కూడా చెప్పాను కదా!"

సీతాలుకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అంతలో పొట్ట కింద ఒక గుడ్డు చిన్నగా కదిలింది. ఏడుపూ కోపమూ పక్కన పెట్టి ఆవిడ ఆలోచనలో పడింది.

"వదినా, చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతాం?" అని వరాలుని అడిగింది.

"అరుగు మీద."

"వంటింట్లోకి రానిస్తామా?"

"ఎందుకు రానిస్తాం?"

"మరి వైఫైకి మాత్రం అరుగు ఉండొద్దూ?"

ఫోనంతా వెతికితే, చుట్టాల కోసం వేరే వైఫై పెట్టుకునే వీలు దాంట్లోనే ఉంది. సీతాలు రెండు వైఫైలు చేసింది. ఇంటి వైఫైకి కొత్త పాస్‌వర్డు పెట్టి, కోళ్ళగూటి తలుపు దానికి కలిపింది. అరుగు వైఫైకి మొగుడు కూసిన పాస్‌వర్డే ఉంచి, పొట్టేలు దొడ్డి తలుపు దీనికి కలిపింది. ఆ తర్వాత ముసిముసిగా నవ్వుకుంటూ ఫోన్లో దొడ్డి తలుపు పేరు చెరిపి, ఆ చోట 'కోళ్ళగూడు' అని పెట్టింది.

ఆ దొడ్డిలో ఉండే పొట్టేలు కోటయ్య మంచివాడే. కాకపోతే నిద్ర చెడితే ఎదురుగా ఏముందో చూడడు. కిందటి నెల కొబ్బరిచెట్టుని పొడిచి, తప్పుకోలేదని మళ్ళీ పొడిచాడు.

"ఈసారి కొత్తది ఏం పెట్టావే?" అన్నాడు పేర్రాజు.

"చెబితే కూస్తారు."

"కూయను."

"మీరు కూయకుండా ఉండగలరా?"

పేర్రాజు నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "ఉండలేను," అన్నాడు.

మధ్యాహ్నం గుర్నాథం తీరుబడిగా వచ్చాడు. ఈసారి దొంగచాటు కూడా లేదు. నేరుగా గూటి ముందు నిలబడి ఫోను తీశాడు.

"సీతాలు చెల్లెమ్మా! ఎండన పడి వచ్చాను. తలుపు నువ్వే తీస్తావా, నన్ను తీసుకోమంటావా?"

సీతాలు గొంతులో ఏడుపు కలిపి, "నీ వల్ల కాదన్నయ్యా! పాస్‌వర్డు మార్చేశాను," అంది.

"గుమ్మడికాయ గోచీయేనా?"

"అయ్యో! నీకెవరు చెప్పారన్నయ్యా?"

"మీ ఆయనే. కాలవ అవతలికి ఖంగుమని వినిపించింది. మంచి గొంతు."

"విన్నావా! మంచి గొంతంట!" అన్నాడు లోపలి నుంచి పేర్రాజు. సీతాలు రెక్కతో అతని నోరు మూసింది.

గుర్నాథం నాలుగు మాటలూ కొట్టాడు. వైఫై కలిసింది. 'కోళ్ళగూడు' కనబడింది. నాలిక తడుపుకుని నొక్కి, మూతి తలుపుకి ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా తలుపు కదల్లేదు. వెనకాల ఏదో కిర్రుమంది.

"చెల్లెమ్మా, ఆ చప్పుడేంటి?"

"గాలన్నయ్యా."

"ఎవడ్రా నా తలుపు తీసిందీ!" అంది గాలి.

గుర్నాథం తిరిగి చూశాడు. ఎర్రబడ్డ రెండు కళ్ళూ, మెలితిరిగిన రెండు కొమ్ములూ కనబడ్డాయి. "కోటయ్య మావా, పొరపాటున..." అనేలోపే కోటయ్య వచ్చేశాడు. నక్కతోక తొక్కితే అదృష్టమంటారు. కోటయ్య నాలుగు కాళ్ళతోనూ తొక్కి, ఆపైన పొడిచాడు. గుర్నాథం కంచె దాటి, కొబ్బరిమట్ట దాటి, పాట పాడుకుంటున్న బాతుల మధ్య కాలవలో పడ్డాడు. ఫోను అంతకు ముందే మునిగింది. కోటయ్య చుట్టూ ఓసారి చూసి, ఇంకెవరూ లేరని బాధపడి వెళ్ళి పడుకున్నాడు.

మకామంతా పడీ పడీ నవ్వింది. వరాలుకి నెమరు మింగుడుపడలేదు. ఆ సాయంత్రమే సీతాలు గుడ్లన్నీ పగిలాయి. పిల్లలు బిలబిలమంటూ రెక్కల కిందికి దూరుతుంటే ఆవిడ వాటిని చూసుకుని చూసుకుని మురిసిపోయింది.

అవతల రెల్లుపొదల్లో గుర్నాథం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉన్నాడు. కుర్రనక్క ఒకటి ఆశగా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, మకాం కాడికెళ్ళావంట కదా! సిగ్నలు ఎలా ఉంది?"

"అందిందిరా. ఇంకా అందుతూనే ఉంది," అని మూలిగి, గుర్నాథం బోర్లా తిరిగి పడుకున్నాడు.

తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవి ఊరందరి మొలకీ వేలాడుతుంటే ఆ ఇల్లు సత్రమే.