తూకం తగ్గని సున్నం

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఏదో పెద్ద ఊరనుకునేవు, తెల్లరాళ్ళ గుట్టల మధ్య నాలుగిళ్ళు విసిరేసినట్టుండే పల్లెలో, నాంచారి అనే ఆవిడ సున్నపుబట్టీ పెట్టుకుని బతికేది. ఆవిడ మొగుడు పోతులు తాపీమేస్త్రీ. ఆవిడ కాల్చిన సున్నంతో ఆయన గోడ కడితే, గునపం పెట్టి పొడిచినా పెళ్ళ ఊడేది కాదు. ఊ కొడుతున్నావా? కొట్టు మరి.

ఆ ఊరికి రంగప్పదొర పెత్తందారు. ఆయనకో పెద్ద తక్కెడ ఉండేది. ఏదైనా సరే తూచి ఇచ్చేవాడు, తూచి పుచ్చుకునేవాడు. కోడిపెట్ట గుడ్డు పెట్టాక మళ్ళీ తూచి, “ఇది తగ్గిందేం?” అని అడిగే రకం!

ఒక ఏడు ఆయనకి ధాన్యం కొట్టు కట్టించాలని బుద్ధి పుట్టింది. అప్పుడు నూరు మణుగుల సున్నపురాయి తూచి నాంచారికి పంపాడు. నాంచారి బొగ్గు మీద రాయి, రాయి మీద బొగ్గు పేర్చి, నిదానంగా కాల్చింది. సున్నం మల్లెపూవులా దిగింది. బండికెత్తి దొర వాకిట్లోకి తోలుకెళ్ళింది.

తక్కెడలో వేస్తే యాభై ఆరు మణుగులే తూగింది.

“మిగతా నలభై నాలుగూ ఏవే?” అన్నాడు దొర.

“గాలైపోయాయి దొరా. మా అమ్మ కాల్చినా ఇంతే, మా అమ్మమ్మ కాల్చినా ఇంతే.”

“రాయి గాలైపోతుందా? నా చెవిలో పువ్వు కనిపిస్తోందా నీకు?”

ఆవిడ చెప్పింది నిజమేరా కన్నా. సున్నపురాయిని కాలిస్తే అందులోంచి బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది. కంటికి కనపడదు, అయినా దానికీ బరువుంది. సున్నం యాభై ఆరు, వాయువు నలభై నాలుగు, కలిపితే మళ్ళీ నూరే. రవ్వంత కూడా మాయమైపోదు. దీనికే మీ బళ్ళో ద్రవ్యనిత్యత్వమని నోరు తిరగని పేరు పెట్టారు. ఆ గాలిని పట్టి తేగలిగితే నాంచారి దాన్నీ తక్కెడలో వేసేదే. గాలిని మూటగట్టడం ఎవరి తరం చెప్పు?

దొర వినలేదు. పోతుల్ని లాక్కెళ్ళి గొడ్లచావిట్లో గొలుసేయించాడు. “తూకం సరిపోయిన రోజున నీ మొగుణ్ణి తోలుకుపో” అన్నాడు. మనిషిని తోలుకుపొమ్మనడం చూశావా!

ఆ తర్వాత ఇంకో నూరు మణుగుల రాయి వచ్చింది. ఈసారి నాంచారి కాల్చిన సున్నం మీద నీళ్ళు చల్లింది. వెల్లకి సున్నం కలిపేటప్పుడు చూశావుగా, కుతకుతా ఉడుకుతుంది. అలాగే ఉడికి, కొన్ని నీళ్ళు ఆవిరిగా ఊది, పద్ధెనిమిది మణుగుల నీళ్ళు తాగేసి మెత్తటి పిండైంది. అప్పుడు డెబ్భై నాలుగు తూగింది.

“సగం దొంగవల్లా పావు దొంగవయ్యావు” అని నవ్వాడు దొర. “ఇంకాస్త బాగుపడాలి.”

నాంచారి వెళ్తూ వెళ్తూ చావిట్లోకి తొంగి చూసింది. పోతులు మణికట్టు వాచి ఉంది. అయినా ఆయన అడిగిందేమిటో తెలుసా? “రాయి బాగా కాలిందటే?” అని. 

ఆ తర్వాత మూడోసారి రాయి వచ్చింది. ఈసారి నాంచారి బట్టీ వెలిగించనే లేదు. పచ్చిరాయినే గానుగలో వేసి తిప్పి, తెల్లటి పిండి చేసింది. నిప్పు తగల్లేదు కాబట్టి గాలి పోలేదు. గాలి పోలేదు కాబట్టి నూరుకి నూరూ తూగింది.

దొర మొహం చాటంతైంది. పోతులుకి వేసిన గొలుసు విప్పించాడు. నాంచారికి పట్టుచీర పెట్టాడు. “చూశారా, తూకంలో పెడితే దొంగలైనా దారికొస్తారు!” అన్నాడు.

అప్పుడు పోతులు కొట్టు కట్టడానికి వెళ్ళి, ఆ పిండి మీద నీళ్ళు పోశాడు. చుయ్యిమని కూడా అనలేదు.

“ఇది ఉడకట్లేదేమే?”

“నువ్వు బయటికొచ్చావుగా మావా.”

పోతులు పిండిని వేళ్ళ మధ్య నలిపాడు. ఆయనకి అర్థమైంది. “దొరకి చెబుదామా?” అన్నాడు.

“చెబితే మళ్ళీ తూస్తాడు.”

పోతులు తాపీ తీసుకుని, పట్టు లేదని తెలిసీ గోడ లేపాడు.

వానలు పడేదాకా గోడ నిలబడింది. ఆ తర్వాత ముసురు పట్టింది. “నా ధాన్యం తడుస్తోంది, లోపలికెళ్ళి బస్తాలు లాగరా!” అని దొర పోతుల్నే తోశాడు. గోడ తడిసిన బూందీ లడ్డూలా విడిపోయింది. పోతులు ప్రాణం దక్కింది. కానీ తాపీ పట్టే చెయ్యి రాళ్ళకింద నలిగిపోయింది.

దొర పరిగెత్తుకొచ్చి ఏమన్నాడో తెలుసా? “ఎవరో నా సున్నం కాజేసుంటారు, అందుకే కూలింది. తూయండి!” అన్నాడు. కూలిన సున్నం, ఇసుక, రాయి అంతా ఎండబెట్టి తూచారు. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

“హమ్మయ్య, దొంగతనమైతే జరగలేదు” అనుకున్నాడు దొర. నాంచారి నిజాయితీ గల మనిషని ఊరంతా చాటింపు వేయించాడు.

డప్పు నాంచారి గుమ్మం ముందుకొచ్చింది. సరిగ్గా కాల్చిన రోజు దొంగ, రాతిపిండి తెచ్చిన రోజు నిజాయితీపరురాలు! ఆవిడ డప్పు వంక చూడలేదు. పెట్టెలోంచి పట్టుచీర తీసి, పర్రున చించి, మొగుడి చేతికి కట్టు కట్టి మెడకి వేలాడదీసింది.

ఆ పట్టుచీర అందుకు తప్ప ఇంక దేనికీ పనికిరాలేదు. బట్టీ మళ్ళీ వెలగనూ లేదు.

రాయి కాలి సున్నమాయె, గాలి గాలిలోన పోయె,
తూకమొకటె చూసినోడి గోడ వాన పాలాయె,
కట్టేటోడి చెయ్యి పోయె, తక్కెడేమొ మిగిలిపోయె.
కథ నడిచెను కంచికి, నువ్వు నేను మంచానికి.