కడప చెట్టు నీళ్లలోకి ఎందుకు దిగింది

"దారి వెతుక్కునే రెక్కలకు మా కొమ్మలే ఇల్లు. ఎవరొచ్చినా సరే, ఎప్పుడొచ్చినా సరే!"

ఒకప్పుడు, చెట్లు ఇంకా నడవగలిగిన రోజుల్లో, చెరువుగట్టు చెట్లన్నీ కలిసి ఇచ్చిన మాట ఇది. కడప చెట్టు కూడా అప్పట్లో గట్టు మీదే ఉండేది. అందరికంటే పొట్టిది, అందరికంటే గొంతు పెద్దది.

గాలి ఊరుకుంటుందా? ఆ మాటను దేశదేశాలా మోసుకెళ్లింది.

ఆ ఏడు చెరువు నిండగానే గూడబాతులు వచ్చాయి. ఎంత వెడల్పు రెక్కలు! ముక్కు కింద ఎంత పెద్ద సంచి! అంత బరువైన ఒళ్లు ఆకాశంలో దూదిపింజలా తేలుతుంటే కడప చెట్టు నోరు తెరుచుకుని చూసింది.

"అమ్మా, గాలి చెబితే వచ్చాం. గుడ్లు పెట్టే వేళ. కాస్త చోటిస్తారా?" అని అడిగింది వాటిలో పెద్దది.

చింతచెట్టు ముక్కు మూసుకుంది. "అబ్బబ్బ, చేపల కంపు! మాటవరసకు ఏదో అన్నాం. నిజంగా వస్తారనుకున్నామా?"

"నా ఆకులన్నీ రెట్టలతో తెల్లబడిపోవూ?" అంది వేప.

"ఏ ఊరు మీది? ఎవరి తాలూకు?" అని ఆరా తీసింది తుమ్మ.

కడప చెట్టుకు ఒళ్లు మండింది. ఊళ్లో తిరిగొచ్చే మైనాల దగ్గర అది బోలెడు నినాదాలు నేర్చుకుంది. "నీడ మీద పెత్తనం నశించాలి! కొమ్మలన్నీ అందరివీ! ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి!" అని పొద్దువాలేదాకా అరిచింది.

ఒక్క కొమ్మ కదల్లేదు. గట్టు కింద పొదలో నక్క మాత్రం కదిలింది. "నేల మీద పెట్టేయండమ్మా గుడ్లు. కాపలా నేనుంటాగా!" అని మూతి నాక్కుంది.

పెద్ద గూడబాతు కడప చెట్టు వైపు తిరిగింది. "నీ మనసు గొప్పది తల్లీ. కానీ నినాదాల మీద గుడ్లు పెట్టలేం కదా," అంది.

కడప చెట్టు అరవడం ఆపింది. తన కొమ్మల్ని చూసుకుంది. అన్నీ పొట్టివే, నక్క ఎగిరితే అందేవే. చెరువు వైపు చూసింది. నక్కకు నీళ్లంటే భయం.

అది మట్టిలోంచి వేళ్లు పీక్కుని గట్టు దిగడం మొదలుపెట్టింది.

"ఒసే పిచ్చిదానా! వేళ్లు కుళ్లిపోతాయే!" అని కేకేసింది చింత.

"కుళ్లితే కుళ్లనీ పెద్దమ్మా! మాటిచ్చిన వాళ్లలో నేనూ ఉన్నానుగా!"

మోకాళ్ల దాకా బురద. నడుము దాకా నీళ్లు. చెరువు నడిమధ్యకు వెళ్లి కొమ్మలు చాచింది. "రండి, ఇది మీ ఇల్లు!"

గూడబాతులు పుల్లలు తెచ్చి గూళ్లు కట్టాయి. నక్క ఒడ్డున అటూ ఇటూ తిరిగి, తోకతో నేల కొట్టి వెళ్లిపోయింది.

కడప చెట్టుకు మాత్రం సుఖం లేదు. చలికి వణికింది. ఆకులు రాలాయి. వేళ్లు సలిపాయి. అయినా వెనక్కి రాలేదు. కదిలితే గుడ్లు జారిపోవూ?

అలా ఓర్చుకోగా ఓర్చుకోగా, వేప అసహ్యించుకున్న ఆ రెట్టలే నీళ్లలో కలిసి బురదకు బలమిచ్చాయి. ఆ బురదే చెట్టుకు బలమిచ్చింది. ఒక పొద్దున దాని కొమ్మల నిండా ఎర్రటి చిగుళ్లు! అదే పొద్దున పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. బోడి మెడలు చాచి, అమ్మ సంచిలో తలలు దూర్చి, చేపల కోసం ఒకటే గోల.

అప్పటినుంచే కడప చెట్టు నీళ్లలో నిలబడుతుంది. అప్పటినుంచే గూడబాతులు ఏటా దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. వచ్చేవాళ్లు ఎక్కువై, కొమ్మలు చాలకపోతే, అది గట్టు మీది చెట్లను నిలదీస్తుంది:

"చోటిస్తారా, ఇవ్వరా? గుడ్లు పెట్టే వేళ వచ్చేస్తోంది, కార్తీక పున్నమిలోగా తేల్చి చెప్పండి!"