పళ్ళెంలో దిగిన పసుపు

కామెర్లు దింపడంలో కాశింబి చెయ్యి మంచిదని చుట్టుపక్కల పల్లెల్లో పేరు. ఆ పేరు చెవిన పడిన ప్రతిసారీ ఆమెకు కడుపు నిండినట్టుండేది. గుట్ట మీది దర్గాలో పదేళ్ళు ఖాదర్ తాత దగ్గర నేర్చుకున్న విద్య మరి. రోగి చేతులకు మామిడి చెక్క రసం పూసి, దువా చదివి, సున్నపు తేట పోసి కడిగితే నీళ్ళు పచ్చగా పళ్ళెంలోకి దిగేవి. ఒంట్లోని రోగమే దిగిపోయిందని అందరి నమ్మకం. కాశింబికైతే అది నమ్మకం కూడా కాదు, కళ్ళారా చూసేది.

ఆ పొద్దు ఓబులమ్మ వచ్చింది. ఐదో నెల. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే చెప్పుకొచ్చింది.

"మా ఆయనకు కాలేయానికి పట్టే వైరస్సు ఉందంటక్కా. నర్సమ్మ నా రక్తం కూడా చూసింది. నాకింకా అంటలేదంట. అంటకముందే టీకా ఏయించుకోమంటాది. నాకంటితే కాన్పులో బిడ్డకూ అంటుతాదంట. మా అత్తేమో, కడుపుతో ఉండి సూదేంది, పొయ్యి కాశింబి కాడ చేతులు కడిగించుకో అనె."

"మీ అత్త మాటే విను," అంది కాశింబి పళ్ళెం ముందుకు జరుపుతూ. "సూదులకు లొంగేదైతే ఈ గుట్ట ఎవరెక్కుతారు?"

ఓబులమ్మ నవ్వలేదు. "పోయినేడు మా వీధి రవణమ్మకూ నువ్వే కదక్కా కడిగింది."

కాశింబి చెయ్యి ఆగింది.

రవణమ్మ మొగుడిదీ ఇదే రోగం. నర్సు ఆమెకూ టీకా మాటే చెప్పింది. వద్దని నెల నెలా చేతులు కడిగింది కాశింబి. పుట్టిన మూడో నెలలో రవణమ్మ బిడ్డ కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి చనిపోయింది. రాత అన్నారందరూ. కాశింబి అందరికంటే గట్టిగా అంది.

గోడవార చాప మీద పడుకున్న ఖాదర్ తాత లేచొచ్చాడు. పళ్ళెం ముందు కూచుని రెండు చేతులూ చాపాడు.

"ముందు నాకు కడుగు."

"నీకేమైంది తాతా? గుండ్రాయి మాదిరి ఉంటివి."

"కడుగమ్మా."

పూసింది. చదివింది. పోసింది. నీళ్ళు పచ్చగా దిగాయి.

"ఇప్పుడు నీవి ఇటియ్యి."

ఈసారి తాతే పూశాడు, తాతే పోశాడు. దువా మాత్రం చదవలేదు. అయినా నీళ్ళు పచ్చగానే దిగాయి.

ఓబులమ్మ పళ్ళెం వంక చూసింది. కాశింబి ముఖం వంక చూసింది. లేచి చెంగు నడుముకు దోపుకుంది.

"నర్సమ్మ ఎంతసేపుంటాది తాతా?"

"పన్నెండు దాకా. బిడ్డ పుట్టిన పొద్దే బిడ్డకూ ఒక టీకా ఏయించు. మరవబాక."

ఆమె మెట్లు దిగిపోయింది. కాశింబి చేతులు తుడుచుకోలేదు.

"నీకెప్పుడు తెలిసింది తాతా?"

"రవణమ్మ బిడ్డను పూడ్చిన సాయంత్రం. నా చేతులు నేనే కడుక్కుని చూసుకున్నా."

"ఏడాదైంది. నాకు చెప్పలేదే. అంతకుముందే చూసుకోనుంటే..."

తాత దర్గా లోపలికి చూశాడు. పచ్చటి బట్ట కప్పిన సమాధి. ఈ విద్య ఆయనకు నేర్పిన గురువుది.

"ఆయన పేరు పోతాదని దాచినా. బతికుండగా ఆయన చేతులు ఒక్కనాడూ కడిగి చూడలేదమ్మా నేను."